లినక్స్‌లో పాత మోడెమ్ కనబడటం లేదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి కంప్యూటర్ శీర్షికకు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ పాత డయలప్ మోడెమ్‌ల గురించే. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాం. అడిగిన తీరు వేరైనా చూసుకోవాల్సినవి మూడు. కంప్యూటర్‌కు ఆ వస్తువు కనబడుతోందా? లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్ దానికి ఒక పోర్టు కేటాయించిందా? ఆ పోర్టులో మోడెమ్‌ను పలకరించే ఆదేశం ఏటీ అని కొడితే ఓకే అని బదులు వస్తోందా? ఈ వరుసలో ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా డ్రైవర్ల కోసం వెతికితే రోజులు వృథా అవుతాయి.

ఆదేశాలను, ఫైళ్ల పేర్లను పలికే తీరులో తెలుగులో అచ్చువేశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. పోర్టుల పేర్లలో టీటీవై తర్వాత వచ్చే ఎస్, యూఎస్‌బీ, ఏసీఎం మాత్రం పెద్ద అక్షరాలే. మిగతా చోట్ల పెద్ద అక్షరం కావాల్సి వస్తే విడిగా చెప్పాం. ఏటీ ఆదేశాలు మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టడం మంచిది.

ప్రశ్న: మా షాపులో ఎక్స్‌పీ కాలం నాటి డెస్క్‌టాప్ ఉంది. లోపల పీసీఐ స్లాట్‌లో మోడెమ్ కార్డు ఉంది. ఎక్స్‌పీలో దాంతోనే నెట్, ఫ్యాక్స్ అన్నీ నడిచేవి. డెబియన్ లినక్స్ ఎక్కించాక మోడెమ్ ఊసే లేదు. కార్డు పోయిందా? డ్రైవరు ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: కార్డు పోయి ఉండదు. అది సాఫ్ట్‌మోడెమ్, అంటే తన పనిని కంప్యూటర్ ప్రాసెసర్‌తో చేయించే రకం అయ్యే అవకాశమే ఎక్కువ. ముందు అదేమిటో తేల్చుకోండి. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే అని కొట్టండి. వచ్చే జాబితాలో మోడెమ్, కమ్యూనికేషన్ కంట్రోలర్, సీరియల్ కంట్రోలర్ అనే మాటల్లో ఏదో ఒకటి ఉన్న వరుసను పట్టుకోండి. ఆ వరుసలో చదరపు బ్రాకెట్లలో 14ఎఫ్1:2ఎఫ్00 లాంటి జంట అంకెలుంటాయి. మొదటిది తయారీదారు గుర్తు, రెండోది చిప్ గుర్తు. కార్డు మీద స్టిక్కరు ఏ కంపెనీదైనా నమ్మకండి, ఈ అంకెలనే నమ్మండి. ఒకే కంపెనీ ఒకే పెట్టెలో మూడు రకాల చిప్‌లు పెట్టి అమ్మిన రోజులవి.

14ఎఫ్1 అంటే కోనెగ్జాంట్. పైన చెప్పిన 2ఎఫ్00 వాళ్ల హెచ్‌ఎస్‌ఎఫ్ రకం, పూర్తి సాఫ్ట్‌మోడెమ్. 11సీ1 అంటే లూసెంట్, తర్వాత అగేర్ అయింది. 163సీ స్మార్ట్ లింక్. 8086 ఇంటెల్, మదర్‌బోర్డులోనే కలిపేసిన ఏసీ'97 మోడెమ్‌లు సాధారణంగా ఈ గుర్తుతో కనబడతాయి. 12బీ9 యూఎస్ రోబోటిక్స్. ఇందులో జాగ్రత్త అవసరం: 12బీ9:1008 అయితే 5610 మోడల్, నిఖార్సయిన హార్డ్‌వేర్ మోడెమ్. 12బీ9:1007 అయితే విన్‌మోడెమ్, అంటే విండోస్ డ్రైవరు లేనిదే నడవని రకం. చివరి అంకె ఒక్కటే తేడా, ఫలితంలో నేలకూ నింగికీ ఉన్నంత తేడా.

ఎందుకిలా? మోడెమ్‌లో రెండు పనులుంటాయి. ఫోను లైను మీద వచ్చే ధ్వనిని బిట్లుగా, బిట్లను ధ్వనిగా మార్చడం ఒకటి. మనం కొట్టే ఏటీ ఆదేశాలను అర్థం చేసుకుని నడపడం రెండోది. హార్డ్‌వేర్ మోడెమ్‌లో ఈ రెండూ కార్డులోనే జరుగుతాయి, కంప్యూటర్‌కు అది మామూలు సీరియల్ పోర్టులా కనబడుతుంది. ధర తగ్గించడానికి కొందరు రెండో పనిని, మరికొందరు రెండు పనులనూ కంప్యూటర్ ప్రాసెసర్‌కు అప్పజెప్పారు. ఆ పని చేసే ప్రోగ్రామును విండోస్ డ్రైవరులో పెట్టారు. మీ ఎక్స్‌పీలో అసలు మోడెమ్ ఆ డ్రైవరే. కార్డులో ఉన్నది లైనుకు తగిలించే చిన్న సర్క్యూట్ మాత్రమే. అందుకే లినక్స్‌లో ఎన్ని పోర్టులు వెతికినా అది దొరకదు.

ఎల్‌ఎస్‌పీసీఐ చూపించిన వరుస కింద వాడుతున్న కెర్నెల్ డ్రైవరు పేరు ఉంటుంది. అక్కడ సీరియల్ అని ఉంటే పంట పండినట్టే. ఎస్‌ఎన్‌డీ_ఇంటెల్8ఎక్స్0ఎం అని ఉంటే ఇంటెల్ ఏసీ'97 రకం. తరగతి కోడ్ 0703 అని, పక్కన మోడెమ్ అని రాసి ఉన్నా అది సాఫ్ట్‌మోడెమే, ఆ మాట చూసి మోసపోకండి. ఏ డ్రైవరూ లేకపోతే అదీ సాఫ్ట్‌మోడెమే అనుకోవచ్చు.

సాఫ్ట్‌మోడెమ్‌లకు లినక్స్ డ్రైవర్లు లేకపోలేదు. లూసెంట్ మార్స్ చిప్‌కు మార్షియన్, స్మార్ట్ లింక్‌కూ ఇంటెల్ ఏసీ'97కూ ఎస్‌ఎల్‌మోడెమ్, కోనెగ్జాంట్‌కు లినక్సాంట్ వాళ్ల డ్రైవరు ఉండేవి. కోనెగ్జాంట్ డ్రైవరును ఉచితంగా వాడితే వేగం 14.4 కిలోబిట్లకే పరిమితం. వీటన్నిటిలోనూ ముఖ్యమైన భాగం మూలం (సోర్స్ కోడ్) ఇవ్వకుండా తయారుగా ఇచ్చిన ముక్క. ఎస్‌ఎల్‌మోడెమ్‌లో ఆ ముక్క 32 బిట్లది, అంటే 64 బిట్ల లినక్స్‌లో 32 బిట్ల లైబ్రరీలు కూడా ఎక్కించాలి. కెర్నెల్ భాగాలు 2.4, 2.6 కాలం నాటివి. ఇప్పటి కెర్నెల్ మీద కంపైల్ చేస్తే తప్పుల వరద వస్తుంది.

మా సలహా సూటిగా: ఆ కార్డును వదిలేసి, బయట పెట్టే సీరియల్ మోడెమ్ ఒకటి సంపాదించండి. పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతుంటాయి. బయటి సీరియల్ మోడెమ్‌లు దాదాపు అన్నీ హార్డ్‌వేర్ మోడెమ్‌లే, డ్రైవరు గొడవే ఉండదు. యూఎస్‌బీదే కావాలంటే సీడీసీ-ఏసీఎం ప్రమాణం పాటించేది చూసుకోండి. యూఎస్ రోబోటిక్స్ 5637 అలాంటిది, గుచ్చగానే /డెవ్/టీటీవైఏసీఎం0 అని వస్తుంది. వేలెడంత ఉండి, పేరూ ఊరూ లేకుండా అమ్మే యూఎస్‌బీ మోడెమ్‌ల జోలికి పోకండి. అవీ ఎక్కువగా సాఫ్ట్‌మోడెమ్‌లే.

అదృష్టం బాగుండి మీది హార్డ్‌వేర్ కార్డే అయితే సుడో డీఎంఈఎస్‌జీ కొట్టి టీటీవైఎస్ అనే పేరు వెతకండి. మామూలుగా టీటీవైఎస్4 అని, చివర 16550ఏ అని ఉంటుంది. అలా కాక సీరియల్ పోర్టు నమోదు చేయలేకపోయామని, ఎర్రర్ -28 అని వస్తే కార్డు తప్పేమీ లేదు, కెర్నెల్‌లో పోర్టులకు కేటాయించిన స్థానాలు నిండిపోయాయి. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్లో కెర్నెల్ వరుసకు 8250.ఎన్‌ఆర్_యూఏఆర్‌టీఎస్=8 అని చేర్చి, సుడో అప్‌డేట్-గ్రబ్ నడిపి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయండి.

ఎల్‌ఎస్‌పీసీఐలో అసలు వరుసే లేకపోతే కార్డు సరిగ్గా కూర్చోలేదన్నమాట. కరెంటు వైరు తీసి, కార్డు బయటికి లాగి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇంకో స్లాట్‌లో పెట్టి చూడండి. నల్లటి పొడవాటి ఐఎస్ఏ స్లాట్‌లో ఉండే కార్డయితే ఈ జాబితాలో ఎప్పటికీ కనబడదు. దానికి సాధారణంగా కార్డు మీద జంపర్లతో పోర్టు నిర్ణయించాలి.

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసు మాది. బయట పెట్టే సీరియల్ మోడెమ్ ఉంది. కొత్త కంప్యూటర్‌కు సీరియల్ పోర్టు లేదని యూఎస్‌బీ కన్వర్టర్ కొన్నాం. ఉబుంటు 22.04లో కన్వర్టర్ గుచ్చితే పోర్టు వచ్చినట్టే వచ్చి మాయమవుతోంది. ఇంకో కంప్యూటర్‌లో పోర్టు నిలబడింది గానీ పర్మిషన్ డినైడ్ అంటోంది. ఏం చేయాలండీ?
– ఒక గుమాస్తా, ఒంగోలు

జవాబు: మీవి రెండు వేర్వేరు ఇబ్బందులు. మోడెమ్‌కూ వీటికీ సంబంధం లేదు.

మొదటిది. సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ అని కొట్టి, ఆ కిటికీ అలాగే ఉంచి కన్వర్టర్ గుచ్చండి. సీహెచ్341 కన్వర్టర్ టీటీవైయూఎస్‌బీ0కు తగిలిందని ఒక వరుస, వెంటనే బీఆర్‌ఎల్‌టీటీవై అనే పేరుతో ఇంకో వరుస, ఆ తర్వాత కన్వర్టర్ విడిపోయిందని మూడో వరుస కనబడతాయి. బీఆర్‌ఎల్‌టీటీవై చూపులేనివారు వాడే బ్రెయిలీ యంత్రాలను నడిపే ప్రోగ్రాము. తక్కువ ధర కన్వర్టర్లలో ఉండే 1ఏ86:7523 గుర్తు గల చిప్‌నే కొన్ని బ్రెయిలీ యంత్రాల్లోనూ వాడారు. అందువల్ల మీ కన్వర్టర్‌ను బ్రెయిలీ యంత్రమనుకుని అది లాగేసుకుంటోంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిలీ యంత్రం వాడేవాళ్లు ఎవరూ లేకపోతే సుడో ఏపీటీ రిమూవ్ బీఆర్‌ఎల్‌టీటీవై అని తీసేయండి. ఉంటే మాత్రం తీయకండి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న మంచి కన్వర్టర్ తెచ్చుకోండి, ఖర్చు కొంచెం ఎక్కువైనా పరవాలేదు.

రెండోది. సీరియల్ పోర్టులు వాడే హక్కు డయల్‌అవుట్ అనే గ్రూపులోని వాళ్లకే ఉంటుంది. సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయల్‌అవుట్, దాని పక్కన మీ యూజర్ పేరు కొట్టండి. ఇందులో ఏ చిన్నది, జీ పెద్దది. ఆ చిన్న ఏ మరిచిపోతే మిగతా గ్రూపులన్నిటి నుంచీ మీ పేరు ఎగిరిపోతుంది, సుడో కూడా పనిచేయదు. తర్వాత పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. టెర్మినల్ ఒక్కటే మూసి తెరిస్తే చాలదు. పోర్టుకు హక్కు లేదనే ఫిర్యాదుల్లో చాలా వాటికి ఈ లాగౌటే మందు.

పోర్టు నిలబడ్డాక, సీరియల్ పోర్టుతో మాట్లాడే మినీకామ్ అనే ప్రోగ్రాము ఎక్కించి సుడో మినీకామ్ -ఎస్ తెరవండి. సీరియల్ పోర్ట్ సెటప్‌లో పోర్టు /డెవ్/టీటీవైయూఎస్‌బీ0, వేగం 115200, 8ఎన్1, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ యెస్, సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ నో అని పెట్టండి. డీఫాల్ట్‌గా దాచి బయటికొచ్చి, సుడో లేకుండా మామూలుగా మినీకామ్ తెరిచి ఏటీ కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే వస్తే పని అయినట్టే.

రాకపోతే మోడెమ్ ముందున్న దీపాలు చూడండి. మినీకామ్ తెరవగానే టీఆర్ దీపం వెలగాలి. అది వెలగకపోతే మీరు తెరిచింది వేరే పోర్టు, లేదా కేబుల్లో ఆ తీగ లేదు. ఒక్కో అక్షరం కొట్టినప్పుడు ఎస్‌డీ దీపం మినుకుమనాలి, మోడెమ్ బదులిచ్చినప్పుడు ఆర్‌డీ దీపం మినుకుమనాలి. ఎస్‌డీ కదలకపోతే చూడాల్సింది కేబులే. మోడెమ్‌కు కావాల్సింది స్ట్రెయిట్ కేబుల్, 2 నుంచి 3కు అడ్డం మార్చిన నల్ మోడెమ్ కేబుల్ కాదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మల్టీమీటర్‌ను బజర్‌లో పెట్టి చూసుకోండి. రెండు వైపులా 9 పిన్నుల కేబులైతే 2కు 2, 3కు 3 మోగాలి. మోడెమ్ వైపు 25 పిన్నులున్న కేబులైతే లెక్క మారుతుంది. 9 పిన్నుల వైపు 2వ పిన్ను అవతల 3వ పిన్నుతో, 3వది అవతలి 2తో మోగడమే సరైనది. మూడు తీగలే ఉన్న చౌక కేబులైతే హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టగానే మినీకామ్ కొయ్యబారిపోతుంది. పరీక్షకు దాన్ని నో చేసి చూడండి, పనికి మాత్రం అన్ని తీగలూ ఉన్న కేబులే వాడండి.

ఎస్‌డీ, ఆర్‌డీ రెండూ మినుకుమంటూ తెర మీద ఏమీ రాకపోతే వేగం సరిపోలేదేమో 9600కు తగ్గించి చూడండి. ఎస్‌డీ ఒక్కటే మినుకుమంటూ ఆర్‌డీ కదలకపోతే, వెనకటి వాళ్లెవరో మోడెమ్‌ను బదులివ్వకుండా కట్టేసి ఉండొచ్చు. తెర మీద ఏమీ కనబడకపోయినా ఏటీక్యూ0వీ1ఈ1 అని గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే వస్తే ఏటీ&ఎఫ్, తర్వాత ఏటీ&డబ్ల్యూ కొట్టండి, ఫ్యాక్టరీ అమరిక మోడెమ్‌లో నిలిచిపోతుంది.

దీపాలే వెలగకపోతే అడాప్టరు సంగతి చూడండి. కొన్ని మోడెమ్‌లకు 9 వోల్టుల ఏసీ కావాలి, డీసీ కాదు. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని పెట్టేస్తుంటారు. మోడెమ్ అడుగున రాసినది చదవకుండా ఏ అడాప్టరూ గుచ్చకండి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో /డెవ్ కింద టీటీవైఎస్0 నుంచి టీటీవైఎస్31 దాకా 32 పోర్టులు కనబడుతున్నాయి. మదర్‌బోర్డు మీద కామ్ అని రాసిన పిన్నులకు బ్రాకెట్ కేబుల్ తగిలించి మోడెమ్ పెట్టాను. ఏ పోర్టులో అడిగినా మోడెమ్ పలకదు.
– ఒక పాఠకుడు, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

జవాబు: ఆ 32 పేర్లు కెర్నెల్ ముందుగా రాసిపెట్టుకున్న ఖాళీ చోట్లు. పేరుంటే పోర్టున్నట్టు కాదు. సుడో సెట్‌సీరియల్ -జీ /డెవ్/టీటీవైఎస్0 అని కొట్టండి, ఇక్కడ జీ చిన్నది. యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టును నడిపే చిప్) దగ్గర 16550ఏ అని వస్తే నిజమైన పోర్టు, అన్‌నోన్ అని వస్తే ఉత్త పేరు. ఉత్త పేరును తెరవబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. మామూలు కంప్యూటర్లలో కామ్1 అంటే టీటీవైఎస్0, చిరునామా 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4. కామ్2 అంటే టీటీవైఎస్1, చిరునామా 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3. అన్నీ అన్‌నోన్ అంటే బయాస్‌లో సీరియల్ పోర్టు ఆపేసి ఉంది, వెళ్లి ఎనేబుల్ చేయండి.

16550ఏ అని వచ్చి కూడా మోడెమ్ పలకకపోతే మీ బ్రాకెట్ కేబుల్ మీదే అనుమానం. మదర్‌బోర్డు మీది 10 పిన్నుల గుంపును 9 పిన్నుల సాకెట్‌కు కలపడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో రిబ్బను తీగలు వరుసగా సాకెట్‌లోకి దిగుతాయి, ఇంకోదాంట్లో అంకె ప్రకారం 1కి 1, 2కు 2 కలుస్తాయి. ఒక బోర్డు కేబుల్ ఇంకో బోర్డుకు పెడితే గట్టిగా సరిపోతుంది, పోర్టూ కనబడుతుంది, సమాచారం మాత్రం ఒక్క బిట్ కూడా దాటదు. బోర్డు మాన్యువల్లోని పిన్నుల బొమ్మ దగ్గర పెట్టుకుని మల్టీమీటర్‌తో తొమ్మిదీ సరిచూడండి. సాకెట్ వైపు 2 ఆర్‌ఎక్స్‌డీ, 3 టీఎక్స్‌డీ, 4 డీటీఆర్, 5 గ్రౌండ్, 7 ఆర్‌టీఎస్, 8 సీటీఎస్ రావాలి.

కేబుల్ బాగుండి కూడా పలకకపోతే పోర్టును ఇంకెవరో పట్టుకున్నారేమో చూడండి. సుడో ఎఫ్‌యూజర్ -వీ /డెవ్/టీటీవైఎస్0 కొడితే పేరు బయటపడుతుంది. కెర్నెల్ వరుసలో కన్సోల్=టీటీవైఎస్0 అని ఉన్న కంప్యూటర్లలో లాగిన్ అడిగే గెట్టీ ఆ పోర్టులో కూర్చుని ఉంటుంది. మోడెమ్ ఇచ్చిన జవాబును అది యూజర్ పేరనుకుని మింగేస్తుంది. ఆ మాట తీసేసి గ్రబ్ అప్‌డేట్ చేయండి. యూఎస్‌బీ టీటీవైఏసీఎం మోడెమ్‌లు వాడేవాళ్లు ఇదే లక్షణం చూస్తే సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మోడెమ్‌మేనేజర్ అని ఆపి చూడాలి. ఆ చివరి పేరులో రెండు ఎంలూ పెద్దవి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో ఫోను తీగ గుచ్చే సాకెట్ ఉంది. లినక్స్‌లో దాన్ని వాడొచ్చా?
– ఒక విద్యార్థిని, సింగరాయకొండ

జవాబు: వద్దమ్మా. ల్యాప్‌టాప్ మోడెమ్‌లు సాధారణంగా సౌండ్ చిప్‌కు తోకగా తగిలించిన సాఫ్ట్‌మోడెమ్‌లు. క్యాట్ /ప్రాక్/అసౌండ్/కార్డ్0/కోడెక్#1 లో కోనెగ్జాంట్ అనో అగేర్ అనో మోడెమ్ పేరు కనబడొచ్చు, కనబడినంత మాత్రాన నడవదు. బయటి మోడెమ్ వాడుకోండి.

ప్రశ్న: రొయ్యల హేచరీలో కరెంటు పోతే యూపీఎస్ మీద ఉన్న కంప్యూటర్, మోడెమ్ ద్వారా మా సెల్‌ఫోన్‌కు రింగ్ ఇచ్చేలా పెట్టుకున్నాం. మొన్నటి ఉరుముల వాన తర్వాత నో డయల్‌టోన్ అంటోంది. ఏటీకి ఓకే వస్తోంది. అదే లైనులో ఫోను బాగానే ఉంది.
– ఒక రైతు, మైపాడు దగ్గర

జవాబు: ఏటీకి ఓకే వచ్చిందంటే కంప్యూటర్ నుంచి మోడెమ్ మెదడు దాకా అంతా బాగుంది. ఫోను లైనుకు తగిలే భాగాన్ని మిగతా సర్క్యూట్‌కు విద్యుత్ సంబంధం లేకుండా విడదీసి కడతారు. పిడుగు దెబ్బ లైను మీదుగా వస్తే ఆ ముందరి భాగమే కాలిపోయి, వెనక భాగం బతుకుతుంది. కానీ అంతదూరం పోయేముందు తేలికైనవి చూడండి.

తీగ లైన్ అని రాసిన సాకెట్‌లో ఉందా, ఫోన్ అని రాసిన దాంట్లో ఉందా? ఆ తీగ తీసి కొత్తది పెట్టండి. సముద్రపు గాలికి ఆర్‌జే11 ప్లగ్గులోని సన్నటి పళ్లు పచ్చగా చిలుము పడతాయి. ఫోను రిసీవర్‌కు ఆ కాస్త స్పర్శ చాలినా మోడెమ్‌కు చాలదు. గోడ మీది రోజెట్‌లో స్క్రూలు విప్పి, తీగ కొసలు కొత్తగా గీసి బిగించండి.

తర్వాత మల్టీమీటర్‌ను డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టి రెండు తీగల మధ్య కొలవండి. ఫోను, మోడెమ్ రెండూ పెట్టేసి ఉన్నప్పుడు రాగి లైనులో సుమారు 48 వోల్టులుండాలి. మినీకామ్‌లో ఏటీహెచ్1 కొట్టండి. మోడెమ్‌లో టిక్‌మని రిలే చప్పుడు వినబడి, వోల్టేజి 6 నుంచి 12 మధ్యకు పడిపోవాలి. పడకపోతే రిలే గానీ దాని పక్క భాగాలు గానీ పోయాయి. మోడెమ్ ఏమీ చేయకుండానే, తీగ గుచ్చగానే వోల్టేజి పడిపోతుంటే లోపలి రక్షణ భాగం షార్టయింది, ఆ మోడెమ్ లైనులో ఉన్నంతసేపూ మీ ఫోనుకు కాల్సే రావు. పరీక్ష అయ్యాక ఏటీహెచ్0 కొట్టి పెట్టేయండి. తీగలు చేత్తో పట్టుకోకండి. రింగ్ వచ్చేటప్పుడు వాటిలో 75 వోల్టులకు అటూ ఇటూ ఏసీ ఉంటుంది, తడి చేతులకు గట్టిగానే కొడుతుంది.

వోల్టేజి సరిగ్గా పడుతున్నా నో డయల్‌టోన్ అంటే మోడెమ్‌కు మన టోను అర్థం కావడం లేదు. అమెరికాలో డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్‌ల జోడీ. మనది 400 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. ఏటీ+జీసీఐ? కొడితే మోడెమ్ ఏ దేశానికి అమరి ఉందో చెబుతుంది. బీ5 అంటే అమెరికా, 53 అంటే ఇండియా. ఏటీ+జీసీఐ=53 ఒప్పుకుంటే సరే. ఎర్రర్ అంటే ఏటీఎక్స్3 పెట్టండి. అది టోను కోసం ఆగకుండా డయల్ చేస్తుంది, బిజీ టోనును మాత్రం గుర్తిస్తుంది. ఇందులో ఒక చిక్కు: మినీకామ్ తెరవగానే తనంతట తాను పంపే ప్రారంభ వరుసలో ఎక్స్4 ఉంటుంది. మీరు ఎక్స్3 పెట్టి దాచుకున్నా అది మళ్లీ ఎక్స్4 చేసేస్తుంది. మినీకామ్ సెటప్‌లో మోడెమ్ అండ్ డయలింగ్ భాగంలోకి వెళ్లి ఆ 4ను 3గా మార్చండి.

మీ అలారం విషయంలో ఇంకొకటి. సెల్‌ఫోన్‌కు రింగ్ ఇవ్వడానికి నంబరు చివర సెమీకోలన్ పెట్టండి: ఏటీడీటీ, నంబరు, సెమీకోలన్. అప్పుడు మోడెమ్ అవతల ఇంకో మోడెమ్ ఉందేమోనని ఎదురుచూడదు, డయల్ చేసి వెంటనే ఓకే అంటుంది. 30 సెకన్లు ఆగి ఏటీహెచ్ పంపితే చాలు. పిడుగు నుంచి రక్షణకు లైను ఇంట్లోకి వచ్చేచోటే గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ ఉన్న ప్రొటెక్టర్ పెట్టి దాన్ని మంచి ఎర్త్‌కు కలపండి. ఎర్త్ లేని ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. మన కోస్తాకు ఉరుముల వానలు ఎక్కువగా పడే అక్టోబరు, నవంబరులో స్పేర్ మోడెమ్ ఒకటి చేతిలో ఉంచుకోండి. రొయ్య పిల్లల ట్యాంకులో గాలి ఆగితే జరిగే నష్టం ముందు దాని ధర ఎంత!

ప్రశ్న: పాలిటెక్నిక్ ల్యాబ్‌లో రెండు మోడెమ్‌లున్నాయి, ఫోను లైను లేదు. రెండు లినక్స్ కంప్యూటర్లను వీటితో కలిపి చూపించగలమా?
– ఒక లెక్చరరు, ఒంగోలు

జవాబు: తప్పకుండా. విద్యార్థులకు చూపించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం లేదు. రెండు మోడెమ్‌ల లైన్ సాకెట్లను మామూలు ఫోను తీగతో నేరుగా కలపండి. రెండింటిలోనూ ఏటీ&ఎఫ్, తర్వాత ఏటీ&డీ0 కొట్టండి. మొదటిదాంట్లో ఏటీఎక్స్3డీ, వెంటనే రెండోదాంట్లో ఏటీఏ. కీచుమనే ధ్వనులు సాగి, రెండు తెరల మీదా కనెక్ట్ అని వస్తుంది. ఒక తెరలో కొట్టినది రెండోదాంట్లో కనబడుతుంది.

కొన్ని మోడెమ్‌లు లైనులో కరెంటు లేకుండా పలకవు. అప్పుడు ఒక తీగను మధ్యలో కత్తిరించి, 9 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా, వాటితో 390 ఓమ్‌ల 1 వాట్ రెసిస్టరు కలిపి ఆ కోతలో పెట్టండి. రెండో తీగ అలాగే ఉంచండి. ఒక్క బ్యాటరీతో సాధారణంగా చాలదు. రెండు మోడెమ్‌లూ చెరి కొన్ని వోల్టులు తినేస్తాయి.

వేగం 33600 దాటదు, అది లోపం కాదు. 1998లో వచ్చిన వీ.90 ప్రకారం 56 కిలోబిట్లు రావాలంటే అవతలి కొస డిజిటల్‌గా ఎక్స్చేంజికి కలిసి ఉండాలి. రెండు మామూలు మోడెమ్‌ల మధ్య వీ.34 వేగమే గరిష్ఠం.

కలిశాక కంట్రోల్ ఏ, తర్వాత క్యూ నొక్కి మినీకామ్‌ను మోడెమ్ పెట్టేయకుండా మూయండి. ఒక వైపు సుడో పీపీపీడీ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 115200 సీఆర్‌టీఎస్‌సీటీఎస్ నోఆత్ 10.0.0.1:10.0.0.2 అని, రెండో వైపు అంకెల చిరునామాలు లేకుండా అదే ఆదేశాన్ని కొట్టండి. పింగ్ 10.0.0.2కు జవాబు వస్తే మీ పిల్లలు సొంతంగా ఒక నెట్‌వర్కు కట్టినట్టే. ముందు పెట్టిన &డీ0 వల్లే ప్రోగ్రాము మారినా లైను తెగదు, అది మరవకండి.

ప్రశ్న: 56కే మోడెమ్ కనెక్ట్ 115200 అని చూపిస్తోంది. నిజమేనా?
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం. లైను వేగం వేరు. చాలా మోడెమ్‌లలో ఏటీడబ్ల్యూ2 కొట్టి మళ్లీ కలిపితే లైను వేగం చూపిస్తుంది. పోర్టు వేగాన్ని 115200 దగ్గరే ఉంచండి. వీ.42బిస్ కుదింపు ఉన్నప్పుడు లైను కన్నా వేగంగా సమాచారం రావచ్చు కాబట్టి ఆ ఖాళీ ఉండాలి.

ప్రశ్న: మా ఆఫీసు ల్యాండ్‌లైను రాగి నుంచి ఫైబర్‌కు మారింది. నంబరు అదే. అప్పటి నుంచి లినక్స్ మోడెమ్‌తో ఫ్యాక్స్ సగంలో తెగిపోతోంది. మోడెమ్ పాడైందా?
– ఒక ఆడిటరు, నెల్లూరు

జవాబు: మోడెమ్ బాగుంది, లైను స్వభావం మారింది. ఫైబర్ పెట్టెలోని ఫోను సాకెట్ నుంచి మీ ధ్వని ప్యాకెట్లుగా ముక్కలై వెళుతుంది. మాటలో ఒక ప్యాకెట్ పోతే చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోలేదు. పెట్టె జీ.711 కోడెక్ (ధ్వనిని అంకెలుగా మార్చే పద్ధతి) వాడుతుంటే ఫ్యాక్స్ నడిచే అవకాశం ఉంది. జీ.729 లాంటి కుదింపు కోడెక్ అయితే అసలే నడవదు. లైను ఇచ్చినవాళ్లను ఈ ఒక్క మాట అడగండి: ఫోను పోర్టుకు జీ.711 పెట్టి, ఫ్యాక్స్ కోసం టీ.38 ఉంటే దాన్ని ఆన్ చేస్తారా అని.

మీ వైపు చేయాల్సింది వేగం తగ్గించడం. ముందు ఏటీ+ఎఫ్‌క్లాస్=? కొట్టండి. జవాబులో 1 గానీ 2 గానీ 2.0 గానీ ఉంటే ఫ్యాక్స్ చేయగల మోడెమ్. 0 ఒక్కటే ఉంటే అది డేటాకే. తర్వాత మీ ఫ్యాక్స్ ప్రోగ్రాములో గరిష్ఠ వేగాన్ని 14400 నుంచి 9600కు దించండి. పేజీకి సమయం కొంత ఎక్కువ పడుతుంది గానీ తెగే అవకాశం తగ్గుతుంది. అప్పటికీ తెగితే 4800 చేయండి. మోడెమ్ తీగను ఫైబర్ పెట్టెకు నేరుగా గుచ్చండి, మధ్యలో పాత రోజెట్, పారలల్ ఫోను ఉంచకండి. ముందు ఒకే పేజీ, బొమ్మల్లేకుండా ఉత్త అక్షరాలున్నది పంపి చూడండి. అది వెళ్లాకే రిటర్నుల కట్ట పెట్టండి.